నవ్వితే కన్ను ఎందుకు మూసుకుంటుంది? ముఖ నరాన్ని బాగుచేసే ప్రయత్నాల రెండు వందల ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మీ కామెంట్ల వల్లే చేస్తున్నాను. ఏడాదిగా దాదాపు ప్రతి వీడియో కింద ఒక కామెంట్ ఉంటోంది. "అన్నా, నవ్వినప్పుడల్లా ఎడమ కన్ను కొడుతున్నావేంటి?" అని. కొందరు దాన్ని స్టైల్ అనుకున్నారు. ఒకతను అయితే "ఎవరికన్నా ఆ సైగ?" అని కూడా అడిగాడు. నేను కన్ను కొట్టట్లేదు. నేను నవ్వితే నా ఎడమ కన్ను దానంతట అదే సగం మూసుకుపోతుంది. ఆపుదామన్నా ఆగదు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకి లాగేసి ఉంది. ఎడమ కన్ను మూతపడట్లేదు. "రాత్రంతా బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావు, చలిగాలి కొట్టింది" అంది నాయనమ్మ. పక్కింటాయన పక్షవాతం అన్నాడు. ఎవరో చెప్తే పసరు వైద్యానికి తీసుకెళ్ళారు. ఎనిమిది రోజులు అలా పోయాయి. ఆ తర్వాత ఒక క్లినిక్ వాళ్ళు "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నరం కొత్తగా మొలుస్తుంది" అన్నారు. నాలుగు ఇంజెక్షన్లు, లక్షన్నర రూపాయలు. నాన్న చిట్టీ పాడటానికి రెడీ అయిపోయాడు.

ఆ డబ్బు కట్టామా లేదా అనేది చివర్లో చెప్తాను. కానీ "నరం కొత్తగా మొలుస్తుంది" అన్న మాట నన్ను వదల్లేదు. నిజంగా మొలుస్తుందా? మొలిస్తే నా కన్ను ఎందుకిలా తయారైంది? తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే ఆ కథ నన్ను రెండు వందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్ళింది.

ముందు ఈ నరం గురించి రెండు ముక్కలు. దీన్ని డాక్టర్లు ఫేషియల్ నర్వ్ అంటారు. మెదడు నుంచి నేరుగా వచ్చే పన్నెండు జతల నరాల్లో ఇది ఏడోది. చెవి లోపలి ఎముకలో ఒక సన్నటి సొరంగం గుండా సుమారు 3 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. చెవి తమ్మె కిందుగా బయటపడుతుంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచే గ్రంథి తెలుసు కదా, సరిగ్గా ఆ గ్రంథి మధ్యలో ఇది చీలి నుదురు, కన్ను, చెంప, పెదవి, గడ్డం, మెడ వైపు కొమ్మల్లా పరుచుకుంటుంది. పేరుకి ఒక్క నరమే అయినా లోపల వేల సన్నటి తీగలుంటాయి. ఒక తీగ రెప్పకి, ఇంకోటి పెదవి చివరకి. ఏ తీగ ఎక్కడికి వెళ్ళాలో పుట్టకముందే రాసిపెట్టి ఉంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

మూతి వంకర పోవడం కొత్త జబ్బేమీ కాదు. ఆయుర్వేద గ్రంథాలు దీన్ని అర్దితం అన్నాయి, వాత రోగాల్లో చేర్చాయి. వెయ్యేళ్ల కిందట పర్షియాలో అల్ రాజీ అనే వైద్యుడు కూడా ముఖం ఒక పక్క పడిపోవడాన్ని వివరించాడు. 1798లో జర్మనీలో ఫ్రీడ్రైక్ అనే డాక్టర్ ముగ్గురు పేషెంట్ల గురించి రాశాడు. కానీ జబ్బుకి మాత్రం ఇంకొకాయన పేరు పడిపోయింది.

ఆయన చార్లెస్ బెల్. 1774లో ఎడిన్‌బరోలో పుట్టాడు. సర్జనే కానీ బొమ్మలు అద్భుతంగా వేసేవాడు. 1806లోనే చిత్రకారుల కోసం ముఖ కవళికల మీద ఒక పుస్తకం రాశాడు. కోపం వస్తే ఏ కండరం కదులుతుంది, ఏడిస్తే ఏది కదులుతుంది అన్నదే అందులో విషయం. 1815లో వాటర్లూ యుద్ధం అయ్యాక గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేశాడు, వాళ్ళ గాయాల బొమ్మలూ గీశాడు. అంటే ముఖాన్ని అందం కోసం చూశాడు, గాయం కోసం కూడా చూశాడు.

అప్పట్లో ఒక పెద్ద గందరగోళం ఉండేది. ముఖానికి రెండు నరాలు వెళ్తాయి, అయిదోది, ఏడోది. రెండూ ఒకే పని చేస్తాయని చాలామంది నమ్మేవారు. దాని ఫలితం ఏంటంటే, ముఖంలో భరించలేని నొప్పి ఉన్నవాళ్ళకి కొందరు సర్జన్లు ఏడో నరాన్ని కోసేసేవారు. నొప్పి అలాగే ఉండేది, ముఖం మాత్రం పడిపోయేది. బెల్ గాడిదల మీద ప్రయోగాలు చేసి, ఏడో నరం కోస్తే ముఖ కవళికలు ఆగిపోతాయి కానీ స్పర్శ పోదని చూపించాడు. 1821లో లండన్ రాయల్ సొసైటీకి ఆ వివరాలు ఇచ్చాడు. ఆయన చెప్పినవాటిలో తప్పులు కూడా ఉన్నాయి, వాటిని ఫ్రాన్స్‌లో మాజెండీ, ఇంగ్లండ్‌లో మేయో సరిచేశారు. కానీ ముఖం కదలడానికి ఏడో నరమే కారణం అన్నది నిలబడింది. కారణం తెలియకుండా ఉన్నట్టుండి ముఖం ఒక పక్క పడిపోతే ఈరోజుకీ డాక్టర్ రాసే పేరు బెల్స్ పాల్సీ. నా చీటీ మీద కూడా అదే రాశారు.

సరే, ఏ నరమో తెలిసింది. అది తెగితే ఏమవుతుంది?

దీనికి జవాబు 1850లో అగస్టస్ వాలర్ కనిపెట్టాడు. కప్ప నాలుకకి వెళ్ళే నరాల్ని కోసి, రోజుల తరబడి మైక్రోస్కోప్ కింద చూశాడు. నరం తెగినప్పుడు మెదడు వైపున్న ముక్క బతికే ఉంది. అవతలి ముక్క మాత్రం మెల్లగా ముక్కలు ముక్కలై కరిగిపోయింది. వేరు నుంచి తెంపిన తీగ ఎండినట్టు అనుకోండి. ఆ ప్రక్రియకి ఇప్పటికీ ఆయన పేరే.

అయితే అక్కడ ఒక విచిత్రం ఉంది. తీగ చచ్చిపోయినా దాని తొడుగు మిగిలే ఉంటుంది. కరెంటు వైరు లోపలి రాగి కరిగిపోయి, పైన ప్లాస్టిక్ గొట్టం మిగిలినట్టు. ఆ తొడుగులో ఉండే కణాలని థియోడోర్ ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త అప్పటికే, 1839లో, వర్ణించాడు. వాటిని ష్వాన్ కణాలు అంటాం. మామూలు రోజుల్లో ఇవి తీగ చుట్టూ చుట్టుకుని కూర్చుంటాయి. నరం తెగిందో, ఇవి వేషం మార్చేస్తాయి. పాత చెత్తని శుభ్రం చేస్తాయి. వరుసగా నిలబడి బాట కడతాయి. ఇలా రా అని పిలిచే రసాయనాలు వదులుతాయి. పాడైన నరాన్ని బాగుచేసే అసలు మేస్త్రీలు ఇవే. మన ఒంట్లో ఎప్పటినుంచో ఉన్నారు.

ఆ బాట మీద నడిచి వచ్చేదెవరు? దాన్ని చూసినవాడు స్పెయిన్‌కి చెందిన శాంటియాగో రామోన్ ఇ కజాల్. ఈయన కూడా బొమ్మలేసేవాడే. 1890లో కోడి పిండాన్ని మైక్రోస్కోప్‌లో చూస్తూ, పెరుగుతున్న నరపు తీగ చివర ఒక చిన్న ఉబ్బు ఉందని గమనించాడు. దాన్నే గ్రోత్ కోన్ అంటారు. చీకట్లో చేత్తో తడుముకుంటూ నడుస్తామే, అచ్చం అలాగే ఆ కొన దారి వెతుక్కుంటూ పోతుంది. 1906లో ఆయనకి గాల్జీతో కలిపి నోబెల్ వచ్చింది. నరాలు ఎలా చెడిపోతాయి, ఎలా తిరిగి పెరుగుతాయి అన్న దాని మీద 1913, 14లలో రెండు సంపుటాల పుస్తకం వేశాడు. దాని అచ్చు ఖర్చు పెట్టుకున్నది అర్జెంటీనాలో స్థిరపడ్డ స్పానిష్ డాక్టర్లు. సముద్రం అవతల ఉన్నవాళ్ళు చందాలేసుకుని అచ్చేయించారు!

కజాల్ శిష్యుడు టెయ్యో 1911లో ఒక ప్రయోగం చేశాడు. మెదడులో తెగిన నరాలు మామూలుగా పెరగవు. ఆయన కుందేలు మెదడులోకి కాలి నరం ముక్క ఒకటి పెట్టాడు. మెదడు తీగలు ఆ ముక్కలోకి పెరిగాయి! అంటే పెరిగే శక్తి లోపల ఉంది, చుట్టూ ఉన్న నేలే బాగోలేదన్నమాట. ఈ ఫలితాన్ని చాలాకాలం జనం పట్టించుకోలేదు. డెబ్భై ఏళ్ల తర్వాత, 1981లో, మాంట్రియల్‌లో అగ్వాయో బృందం కొత్త పద్ధతులతో నిజమేనని తేల్చింది.

ఇప్పుడు ఆపరేషన్ గదికి వెళ్దాం. సైంటిస్టులు మైక్రోస్కోపుల ముందు కూర్చుంటే, సర్జన్ల ముందు నిజంగా ముఖం పడిపోయిన మనుషులు కూర్చున్నారు. వాళ్ళు ఆగలేరు కదా.

1895లో లండన్‌లో చార్లెస్ బాలెన్స్ ఒక ఉపాయం చేశాడు. ముఖ నరం పనిచేయట్లేదు, పక్కనే భుజానికి వెళ్ళే నరం బాగుంది. దాన్ని తెచ్చి దీనికి కలిపాడు. ఎదురింటి నుంచి కరెంటు లాగినట్టు. ముఖంలోకి కదలిక వచ్చింది. కానీ ఈ పద్ధతిలో చిక్కేంటంటే, భుజం ఎత్తితే ముఖం కదులుతుంది! 1901లో జర్మనీలో కోర్టె అనే సర్జన్ నాలుక నరాన్ని వాడాడు. ఇది కొంచెం మెరుగు. కానీ నాలుక ఒక పక్క బలహీనపడుతుంది, నవ్వాలంటే నాలుకని పళ్ళకి నొక్కాలి. కదలిక వచ్చింది కానీ మనసులో సంతోషం కలిగితే దానంతటదే వచ్చే నవ్వు మాత్రం రాలేదు.

బాలెన్స్ వదల్లేదు. ముసలితనంలో అమెరికన్ డాక్టర్ ఆర్థర్ డ్యూయల్‌తో కలిసి మళ్ళీ ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1932లో ఇద్దరూ కలిసి, చెవి ఎముక సొరంగంలోనే ముఖ నరం తెగినచోట వేరే నరం ముక్కని అతికించే పద్ధతిని ప్రకటించారు. ఇది పెద్ద మలుపు. పక్కింటి కరెంటు కాకుండా మన లైనుకే అతుకు వేసినట్టు.

ఆ తర్వాత 1943లో బ్రిటన్‌లో సెడన్, 1951లో ఆస్ట్రేలియాకి చెందిన సండర్లాండ్, నరానికి తగిలే దెబ్బల్ని రకాలుగా విడగొట్టారు. యుద్ధకాలంలో చేతులు కాళ్ళ నరాలు తెగి వచ్చిన సైనికులు వాళ్ళకి పాఠం నేర్పారు. కొన్నిట్లో నరం మొద్దుబారుతుంది అంతే, వారాల్లో తేరుకుంటుంది. కొన్నిట్లో లోపలి తీగ తెగుతుంది, తొడుగు ఉంటుంది, నెలల్లో పెరిగి వస్తుంది. కొన్నిట్లో మొత్తం తెగుతుంది, ఆపరేషన్ చేయకపోతే రాదు. వినడానికి చప్పగా ఉన్నా, నా లక్షన్నర కథ ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

1972లో వియన్నాలో హానో మిలేసి ఇంకో పాఠం చెప్పాడు. తెగిన చివర్లని లాగి బిగించి కుట్టకండి, బిగువు ఉంటే నరం పెరగదు, మధ్యలో ముక్కలు పెట్టి వదులుగా కలపండి అన్నాడు. అదే రోజుల్లో సర్జన్లు కాలి నుంచి పొడవాటి నరం తీసి, బాగున్న వైపు ముఖ నరం నుంచి పైపెదవి మీదుగా పాడైన వైపుకి లైను వేయడం మొదలుపెట్టారు. అప్పుడు కుడివైపు నవ్వు వస్తే ఎడమవైపుకి కూడా అదే ఆజ్ఞ వెళ్తుంది. కండరాలే ఎండిపోయినవాళ్ళ కోసం 1976లో టోక్యోలో కియోనోరి హరీ బృందం తొడ లోపలి కండరాన్ని రక్తనాళాలతో సహా తీసి చెంపలో నాటింది. ఈ పద్ధతులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

కానీ ప్రతిసారీ ఒక బాగున్న నరాన్ని బలివ్వాలి. కాలి నుంచి తీస్తే పాదం పక్కన స్పర్శ పోతుంది. మన ఒంట్లోంచి ముక్క తీయకుండా పని జరగదా? దీనికి జవాబుగా వచ్చినదే రీజనరేటివ్ మెడిసిన్. అంటే చెడిన భాగాన్ని శరీరమే తిరిగి పెంచుకునేలా సాయం చేసే వైద్యం. ఇది నిన్నమొన్నటి ఆలోచన అనుకునేవాణ్ణి. కాదు. 1880లోనే థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే జర్మన్ సర్జన్ నరం తెగిన సందులో ఎముకతో చేసిన గొట్టం పెట్టి చూశాడు. అది ఫలించలేదు. ఒకట్రెండేళ్లలోనే బెల్జియంలో వాన్లేర్, మెత్తబరిచిన ఎముక గొట్టంతో కుక్క కాలిలో 3 సెంటీమీటర్ల సందుని దాటించాడు. వంద ఏళ్ల తర్వాత, 1980లలో, స్వీడన్‌లో లుండ్‌బోర్గ్ సిలికాన్ గొట్టాలతో అసలు లోపల ఏం జరుగుతుందో వరుసగా చూపించాడు. మొదట గొట్టం నిండా ద్రవం చేరుతుంది, తర్వాత సన్నటి వంతెన ఏర్పడుతుంది, దాని మీదకి ష్వాన్ కణాలు వస్తాయి, వాటి వెనకే తీగలు. అంటే మనం గొట్టం ఇస్తే చాలు, మిగతాది మేస్త్రీలే చూసుకుంటున్నారు. 1999లో, 2001లో కరిగిపోయే గొట్టాలకి అమెరికాలో అనుమతులొచ్చాయి. ఒంట్లో కొంతకాలం ఉండి మాయమవుతాయి. కాకపోతే చిన్న సందులకే. సందు పెద్దదైతే మేస్త్రీలు సరిపోరు.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. రీటా లెవీ మోంటాల్చినీ. 1909లో ఇటలీలోని టూరిన్‌లో యూదుల ఇంట పుట్టింది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి యూనివర్శిటీ తలుపులు మూసేసింది. ఆవిడ తన పడకగదిలోనే ల్యాబ్ పెట్టుకుంది. కోడిగుడ్లు కొనుక్కొచ్చి పిండాల్లో నరాలు ఎలా పెరుగుతాయో చూసింది. బాంబులు పడుతుంటే పల్లెకి వెళ్ళి అక్కడా అదే పని. యుద్ధం అయ్యాక అమెరికా వెళ్ళింది. 1952లో కణితులున్న రెండు ఎలుకల్ని వెంటబెట్టుకుని విమానంలో బ్రెజిల్ వెళ్ళి, ఆ కణితి నుంచి వచ్చే ఏదో పదార్థం వల్ల నరాల చుట్టూ తీగలు సూర్యకిరణాల్లా మొలుస్తున్నాయని చూపించింది. స్టాన్లీ కోహెన్ ఆ పదార్థాన్ని విడదీశాడు. అదే నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. 1986లో ఇద్దరికీ నోబెల్.

మరి ఇంకేం, ఆ మందు ఎక్కిస్తే సరిపోతుంది కదా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ పదార్థం ప్రధానంగా స్పర్శ నరాలకి పనిచేస్తుంది. కండరాల్ని కదిలించే నరాలకి వేరేవి కావాలి. అలాంటిదొకటి జీడీఎన్ఎఫ్. దాన్ని ఎలుకల్లో నరం దెబ్బతిన్న చోట గుప్పించి చూశారు. తీగలు బ్రహ్మాండంగా పెరిగాయి. కానీ అక్కడే ఉండిపోయాయి! కండరం దాకా వెళ్ళలేదు. స్వీట్ షాపు ముందు బండి ఆపేసి పెళ్ళికి వెళ్ళడం మర్చిపోయినట్టు. శాస్త్రవేత్తలు కూడా దీన్ని మిఠాయి కొట్టు ప్రభావం అనే పిలుస్తారు.

అప్పుడు నాకు అర్థమైంది. నరం పెరగడం ఒక సమస్య, సరైన ఇంటికి చేరడం ఇంకో సమస్య. చేతుల్లో కాళ్ళల్లో కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ముఖంలో కొన్ని మిల్లీమీటర్ల తేడాలోనే రెప్ప, పెదవి ఉంటాయి. రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ వచ్చే తీగ, పాత దారి చెరిగిపోతే పక్క సందులోకి తిరుగుతుంది. పెదవికి వెళ్ళాల్సింది రెప్పకి చేరుతుంది. నవ్వమని మెదడు చెప్తే కన్ను మూసుకుంటుంది. దీన్ని సింకైనీసిస్ అంటారు. కొందరికి అన్నం తింటుంటే కంట్లో నీళ్లు కారతాయి, లాలాజల గ్రంథికి వెళ్ళాల్సిన తీగ కన్నీటి గ్రంథికి చేరినందుకు. 1928లోనే రష్యన్ డాక్టర్ బొగొరాద్ దీన్ని మొసలి కన్నీళ్లు అన్నాడు. కాబట్టి నా కన్ను కొట్టడం వెనక ఉన్న కథ ఇదీ. నా నరం పెరిగింది. అడ్రస్ తప్పింది.

ఇప్పుడు స్టెమ్ సెల్స్ దగ్గరికి వద్దాం. ఆలోచన బాగుంది. గొట్టంలో మేస్త్రీలు సరిపోవట్లేదు కాబట్టి బయట పెంచి నింపుదాం అని. ష్వాన్ కణాలు కావాలంటే మళ్ళీ ఒక నరాన్ని కోయాలి. అందుకని ఎముక మజ్జ, పొట్ట కొవ్వు, చివరికి పంటి లోపలి గుజ్జు నుంచి కూడా మూలకణాలు తీశారు. 2008లో జపాన్‌లో ససాకీ బృందం పంటి గుజ్జు కణాలు నింపిన గొట్టంతో ఎలుకల ముఖ నరాన్ని దాటించింది. 2006లో యమనాకా మామూలు చర్మ కణాన్ని వెనక్కి తిప్పి మూలకణంగా మార్చాక, అలాంటి కణాల నుంచి ష్వాన్ కణాలు తయారుచేసే ప్రయత్నాలూ వచ్చాయి. క్యోటో యూనివర్శిటీలో పేషెంటు చర్మ కణాల్నే 3డి ప్రింటర్‌తో గొట్టంలా పేర్చి, కొద్దిమంది పేషెంట్లకి తెగిన వేళ్ల నరాల్లో పెట్టి పరీక్షించారు. గమనించండి, వేళ్లకి. ముఖం విషయంలో కణాల పని చాలావరకు ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. ఎలుక ముఖంలో సందు కొన్ని మిల్లీమీటర్లు. మనిషిలో సెంటీమీటర్లు. ఇంకో సంగతి, ఎలుక మీసం కదిలితే విజయం అంటారు. మనిషికి నవ్వు కావాలి.

ఎలుకల నుంచే వచ్చిన ఒక చిన్న ఫలితం నాకు బాగా నచ్చింది. 2007లో జర్మనీలోని కొలోన్‌లో ఏంజెలోవ్ బృందం ముఖ నరం కోసి కుట్టిన ఎలుకల మీసాల దగ్గర రోజూ కొన్ని నిమిషాలు చేత్తో మసాజ్ చేసింది. అలా చేసినవాటికి మీసాల కదలిక చాలా బాగా తిరిగొచ్చింది. లక్షలు పోసే టెక్నాలజీ ఏమీ లేదు, చెయ్యి అంతే.

మన ప్రాంతానికి సంబంధించిన ముక్క కూడా ఈ కథలో ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టర్ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. కుష్ఠు అంటే వేళ్లు గుర్తొస్తాయి కానీ ఆ జబ్బు ముఖ నరాన్ని కూడా పట్టుకుంటుంది. రెప్ప మూతపడక, కన్ను ఎండి, చూపు పోయినవాళ్ళు ఎంతోమంది. ఎందుకంటే ఆ బాక్టీరియా కాపురం పెట్టేది సరిగ్గా ష్వాన్ కణాల్లోనే. 2013లో ఎడిన్‌బరోలో రంబుక్కన బృందం ఎలుకల కణాల్లో ఒక ఆశ్చర్యం చూసింది. ఈ బాక్టీరియా తాను చేరిన ష్వాన్ కణాన్ని వెనక్కి తిప్పి మూలకణం లాంటిదిగా మార్చేస్తోంది, ఒంట్లో పాకడానికి దాన్నే బండిగా వాడుకుంటోంది! మనం ల్యాబుల్లో తంటాలు పడే పనిని ఒక సూక్ష్మజీవి ఎప్పటినుంచో చేస్తోంది. అది ఎలా చేస్తుందో పూర్తిగా తెలిస్తే, జబ్బు లేకుండా ఆ విద్యని మాత్రం వాడుకోవచ్చేమో అన్నది ఆశ.

ఇక నా కథకి వస్తాను. చిట్టీ పాట రేపనగా మా మేనమామ పట్టుబట్టి నన్ను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ క్లినిక్ వాళ్ళు ఇచ్చిన కాగితం చూసి ఒకే ప్రశ్న అడిగింది. "నీ నరం తెగిందా బాబూ, వాచిందా?" నాకు తెలియదు. ఆవిడే చెప్పింది. బెల్స్ పాల్సీలో నరం తెగదు. ఎముక సొరంగంలో వాచి నలుగుతుంది. తెగని నరానికి అతుకెందుకు? తొడుగు అలాగే ఉంది, మేస్త్రీలు లోపలే ఉన్నారు. "వాపు తగ్గించే మందు మొదటి మూడు రోజుల్లో పడుంటే బాగుండేది. ఎనిమిది రోజులు ఎక్కడున్నావు?" అంది. నేను తలదించుకున్నాను.

ఆ మందు చౌకైన స్టెరాయిడ్ మాత్ర, ప్రెడ్నిసొలోన్. 2007లో బెల్ పుట్టిన స్కాట్లండ్‌లోనే 551 మంది మీద పరీక్షించారు. అందరికీ 72 గంటల్లోపే మందులు మొదలుపెట్టారు. తొమ్మిది నెలలకి ఈ మాత్ర వేసుకున్నవాళ్ళలో 94.4 శాతం మంది, వేసుకోనివాళ్ళలో 81.6 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. అంతకుముందు కోపెన్‌హేగన్‌లో పైటర్సన్ ఏ మందూ ఇవ్వని 1,701 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే 71 శాతం మందికి ముఖం మామూలైపోయింది. ఈ అంకెలో ఒక ప్రమాదం దాగుంది చూశారా? పదిమందిలో ఏడుగురికి ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. అంటే పసరు వేసినవాడు, ఇంజెక్షన్ వేసినవాడు, తాయెత్తు కట్టినవాడు, ముగ్గురూ "మా వల్లే తగ్గింది" అని చెప్పుకోవచ్చు. ఆ ఏడుగురూ నిజాయితీగా సాక్ష్యం కూడా చెప్తారు. నాకు ఆ క్లినిక్ చూపించిన వీడియోల్లో నవ్వుతున్నవాళ్ళు వీళ్ళేనేమో.

మేం డబ్బు కట్టలేదు. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్‌ని మామూలు చికిత్సగా వాడేది కొన్ని రక్త సంబంధ జబ్బుల్లాంటి వాటికి చేసే మజ్జ మార్పిడిలోనే. మిగతాదంతా పరిశోధన కిందే జరగాలి. పరిశోధన అయితే పేషెంటు దగ్గర డబ్బు అడగకూడదు. ఎవరైనా రేటు చెప్పారంటే అక్కడే అనుమానించండి.

కాబట్టి మీకో, మీ ఇంట్లోవాళ్ళకో పొద్దున్నే మూతి వంకర పోతే చేయాల్సింది సింపుల్. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చెయ్యి, కాలు బలం తగ్గినా, మాట తడబడినా అది మెదడు స్ట్రోక్ కావచ్చు, అప్పుడు గంటలు కూడా ఆగొద్దు. ముఖం ఒక్కటే అయినా ఏ రకమో మీరు తేల్చుకోకండి, డాక్టర్‌ని తేల్చనివ్వండి. మాత్ర ఇవ్వాలా వద్దా, షుగర్ ఉంటే ఎలా అన్నది కూడా వాళ్ళే చూస్తారు. కన్ను మూతపడకపోతే దాన్ని తడిగా ఉంచే చుక్కలు, రాత్రి కంటి మీద పట్టీ. ముఖం తిరిగొస్తుంది, ఎండిన కన్ను పాడైతే తిరిగిరాకపోవచ్చు.

నేను ఇప్పుడు రోజూ అద్దం ముందు కూర్చుని, కన్ను తెరిచే ఉంచి మెల్లగా నవ్వడం ప్రాక్టీస్ చేస్తున్నాను. అవసరమైతే రెప్ప దగ్గర చిన్న బోటాక్స్ ఇంజెక్షన్ కూడా ఉందన్నారు, చూద్దాం. ముందే వెళ్ళుంటే కన్ను ఇలా అయ్యేది కాదా అంటే ఖచ్చితంగా చెప్పలేను. కానీ ఆ ఎనిమిది రోజులు నావే, ఎవరి మీదా నెట్టను.

బాలెన్స్ భుజం నరం కలిపిన రోజు నుంచి ఈరోజు దాకా నూట ముప్పై ఏళ్లు దాటింది. ఇంకా ఎవరూ తెగిన ముఖ నరాన్ని పూర్తిగా పాత నవ్వుతో కలపలేదు. కానీ ప్రతివాళ్ళూ దారిలో ఒక మలుపు చూపించి వెళ్ళారు. తర్వాతిది మీలో ఎవరైనా చూపించవచ్చు, బైపీసీ చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా ఇక్కడ.

ఈ వీడియో చివర నేను నవ్వుతాను. కన్ను మూసుకుంటుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.